శుద్ధి చేసిన మురుగునీరు ఇంకించాలంటే.. ముందు మట్టిని పరీక్షించాలి

చంద్రగిరి: తిరుపతి నగరం పడమటి దిక్కుకు విస్తరించే కొద్దీ చంద్రగిరి మండలంలో కళాశాలలు, వసతి గృహాలు, కల్యాణ మండపాలు, అపార్ట్‌మెంట్లు పెరిగాయి. భూగర్భ మురుగు కాలువలు లేనిచోట వాడిన నీటిని ప్రాంగణంలోనే శుద్ధి చేసి, తోటకు పారించడమో నేలలోకి ఇంకించడమో చేయాల్సి ఉంటుంది. శుద్ధి యంత్రం సామర్థ్యాన్ని అందరూ విచారిస్తారు. నేల సామర్థ్యాన్ని విచారించేవారు అరుదు. తేడా వస్తే నష్టపోయేది చుట్టుపక్కల తాగునీటి బావులు, బోర్లే.

భూసార పత్రం చాలదు

భూసార పరీక్ష చేయించాం కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. 2015లో కేంద్రం ప్రారంభించిన సాయిల్ హెల్త్ కార్డులో నత్రజని, భాస్వరం, పొటాష్ మొదలు ఉదజని సూచిక వరకు 12 అంశాలు ఉంటాయి. అవన్నీ పైరు అవసరాలను తెలిపేవి. పైపొర మట్టితో చేసే ఆ పరీక్ష, అడుగున నీరు ఎంత వేగంగా దిగుతుందో చెప్పదు. దానికి వేరే పరీక్ష ఉంది.

సెప్టిక్ ట్యాంకు నీటి విసర్జనపై భారత ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 2470 రెండో భాగం ఈ ఇంకుడు పరీక్షను వివరిస్తుంది. నీరు వదలదలచిన లోతు వరకు చిన్న గుంత తవ్వి, అడుగున 5 సెంటీమీటర్ల కంకర పరచి, దానిపై 30 సెంటీమీటర్ల ఎత్తున నీరు నింపి రాత్రంతా నానబెట్టాలి. మరునాడు నీటిమట్టాన్ని కంకరపై 15 సెంటీమీటర్లకు సరిచేసి, అరగంటలో ఎంత తగ్గిందో కొలవాలి. 25 మిల్లీమీటర్లు తగ్గడానికి పట్టే నిమిషాలే ఫలితం. 30 నిమిషాల లోపైతే ఇంకుడు గుంత గాని, కందకం గాని తవ్వవచ్చు. 30 నుంచి 60 వరకు కందకమే శరణ్యం. 60 దాటితే ఆ నేలలోకి ఇంకించే ఆలోచన మానుకోవాలి.

నీరు చప్పున ఇంకితే మంచి నేల అనుకోవడం పొరపాటు. స్వర్ణముఖి ఒడ్డున ఉండే ముతక ఇసుకలో నీరు నిలవదు. మట్టిలోని సూక్ష్మజీవులు మిగిలిన మాలిన్యాన్ని హరించేలోపే అడుగుకు చేరుతుంది. నైట్రేటును అయితే ఏ మట్టీ పెద్దగా పట్టి ఉంచలేదు. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదు.

ఎంత నేల కావాలి?

నాలుగు వందల మంది నివసించే అపార్ట్‌మెంటును తీసుకుందాం. మనిషికి రోజుకు 135 లీటర్ల వాడకం, అందులో 80 శాతం మురుగు అనుకుంటే రోజుకు సుమారు 43 వేల లీటర్లు వస్తుంది. కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఇసుక కలిసిన గరప నేల హెక్టారుకు రోజూ లక్షన్నర నుంచి రెండు లక్షల లీటర్లు తీసుకుంటుంది. అంటే ముప్పాతిక ఎకరా సరిపోతుంది. బంకమట్టి నేల తీసుకునేది 30 వేల నుంచి 50 వేల లీటర్లే. అక్కడ రెండు నుంచి మూడున్నర ఎకరాలు కావాలి. పరీక్ష లేకుండా స్థలం కేటాయిస్తే మిగిలేది మడుగులు, దోమలే.

సబ్బులు, డిటర్జెంట్ల నుంచి వచ్చే సోడియం మరో చిక్కు. అది పేరుకుంటే మట్టి రేణువులు విడిపోయి రంధ్రాలు మూసుకుపోతాయి. నేల చౌడుబారుతుంది. అందుకే నీరు వదలడం మొదలయ్యాక కూడా మట్టిలో లవణాలు, సోడియం శాతం ఎప్పటికప్పుడు చూసుకోవాలి.

పరీక్షకు కాలం కూడా ముఖ్యమే. మే నెలలో ఎండి ఉన్న నేల ఈశాన్య రుతుపవనాల వేళ అలా ఉండదు. 2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖి పొంగిన తీరు ఈ ప్రాంతవాసులకు తెలిసిందే. భూగర్భ జలం 1.8 మీటర్ల లోపలే ఉంటే కందకాన్ని గట్టుగా పైకి కట్టుకోవాలని ప్రమాణం చెబుతోంది. కనుక నీటిమట్టాన్ని నవంబరు, డిసెంబరు నెలల్లోనే కొలవాలి. తాగునీటి బావికి కనీసం 18 మీటర్లు, ఇంటికి 6 మీటర్ల దూరం ఉండాలి. పక్కవారి బావికీ ఇదే కొలత.