రాష్ట్ర ప్రభుత్వం – వృద్ధి, ఉపాధి: పిడుగురాళ్ల ఉదాహరణ

పరిశ్రమలు ప్రైవేటు రంగంలో ఉన్నప్పుడు రాష్ట్ర ప్రభుత్వం పాత్ర ఏమిటి? పల్నాడు జిల్లాలోని పిడుగురాళ్లను పరిశీలిద్దాం. ఇక్కడ సున్నపురాయి విస్తారంగా దొరుకుతుంది. దాన్ని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నం మిగులుతుంది. 100 కిలోల స్వచ్ఛమైన రాయి నుంచి 56 కిలోల సున్నం వస్తుంది. ముడిరాయిని అలాగే అమ్మకుండా స్థానికంగా కాల్చి, పొడి చేసి అమ్మితే విలువ పెరుగుతుంది. దానితోపాటు పనిదినాలూ పెరుగుతాయి.

ఇందులో రాష్ట్రం పాత్రను మూడు విధాలుగా చెప్పవచ్చు.

1. వనరుల నిర్వహణ: సున్నపురాయి ప్రధాన ఖనిజం. రాయల్టీ రేటును కేంద్రం నిర్ణయిస్తుంది. లీజు ఇచ్చేది, రాయల్టీ పొందేది రాష్ట్రమే.

2. మౌలిక సదుపాయాలు: మిల్లులకు విద్యుత్తు, సరుకు రవాణాకు నార్కెట్‌పల్లి–అద్దంకి రహదారి వంటివి.

3. ప్రజల రక్షణ: 2015 గనుల చట్ట సవరణతో జిల్లా ఖనిజ ఫౌండేషన్లు వచ్చాయి. రాయల్టీకి అదనంగా, అందులో 30 శాతానికి సమానమైన మొత్తాన్ని పాత లీజుదారులు, 10 శాతాన్ని వేలంలో లీజు పొందినవారు వీటికి చెల్లించాలి. ఈ నిధులు గనుల ప్రభావిత ప్రాంతాల తాగునీరు, వైద్యం వంటి అవసరాలకు ఉద్దేశించినవి.

ఉత్పత్తి పెరిగినంత మాత్రాన అభివృద్ధి కాదు. బట్టీ దగ్గర దుమ్ము పీల్చే కూలీకి కనీస వేతనం, ఆరోగ్య రక్షణ అందినప్పుడే వృద్ధి ఉపాధిగా మారుతుంది. ఆ వేతనాన్ని నిర్ణయించి అమలు చేయించే బాధ్యత కూడా రాష్ట్రానిదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: ముడిరాయి అమ్మకం కంటే సున్నం తయారీ ఉపాధికి ఎందుకు మేలు?