ఘుబ్రా తెలుపు, గుంటూరు నారింజ

మస్కట్‌లోని ఘుబ్రాలో ఏళ్లుగా ఉంటున్న గుంటూరు పాఠకుడొకరు అడిగారు: “సెలవుకు ఊరొస్తే మా అన్నయ్య కొత్తింటి ఎలివేషన్ చూసి కళ్లు తిరిగాయి. చిలకపచ్చ గోడలు, నారింజ స్తంభాలు! ఒకప్పుడు నాకూ ఇవే నచ్చేవి. ఇప్పుడేమైంది?”

భలే ప్రశ్న! మస్కట్ ఇళ్ల తెలుపు మీ కంటికి నచ్చడం ఎండ వల్లే అని తేల్చేయకండి. తెలుపు వేడిని తిప్పికొడుతుంది, నిజమే. రెంటచింతలలో మాత్రం ఎండ తక్కువా? అక్కడ ఇళ్లన్నీ తెల్లగా లేవే!

మస్కట్‌లో గోడలకు తెలుపో, లేత ఇసుక రంగో ఉండాలన్నది మునిసిపాలిటీ నియమం. ఘుబ్రాలో ఏ వీధికెళ్లినా తెల్లటి విల్లాలు, కమాను కిటికీలు, కోటగోడలా పళ్లు దేరిన పిట్టగోడలు. 2001లో ప్రారంభమైన సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదుదీ ఆ లేత రంగే. దానికి వాడిన 3 లక్షల టన్నుల ఇసుకరాయి మన దేశం నుంచే వెళ్లింది.

అసలు కీలకం రోజూ చూడటంలో ఉంది. పదేపదే కనబడినదాని మీద ఇష్టం పెరుగుతుందని 1968లో రాబర్ట్ జాయన్స్ చూపాడు. అర్థంలేని పదాలు, చైనా లిపిని పోలిన గుర్తులు కొన్నింటిని ఒకసారి, కొన్నింటిని పాతికసార్లు చూపితే, ఎక్కువసార్లు చూసినవాటికే జనం మంచి అర్థం ఊహించారు. 1980 నాటి ప్రయోగం ఇంకా విచిత్రం. వంకర అష్టభుజాలను సెకనులో వెయ్యోవంతు సేపు మెరిపించారు. తర్వాత “వీటిలో ఏది చూశారు?” అంటే జవాబులు కాకతాళీయమే. “ఏది బాగుంది?” అంటే మాత్రం చూసినదాని వైపే ఎక్కువ మొగ్గారు! గుర్తు లేదు, ఇష్టం మాత్రం ఉంది. చూసినదాన్ని పోల్చుకోవడం మెదడుకు తేలిక. ఆ తేలికనే మనం అందం అనుకుంటాం.

ఈ అలవాటును లెక్కలోకి తీసుకోకుండానే గణితవేత్త జార్జ్ బిర్కాఫ్ 1933లో అందానికి సూత్రం కట్టాడు: క్రమాన్ని సంక్లిష్టతతో భాగించాలట! శిల్పాలు కిక్కిరిసిన మన గోపురాలు ఈ లెక్కలో గట్టెక్కడం కష్టం. చూసే కన్ను ఎక్కడ పెరిగిందో ఆ సూత్రంలో లేనే లేదు.

అయితే అలవాటు అన్నిటినీ అందంగా మార్చదు. నాసిరకం చిత్రాలను పదేపదే చూపితే ఇష్టం తగ్గిందని 2013లో ఒక అధ్యయనం తేల్చింది.

ఈ శాస్త్రాన్ని బాగా వాడుకుంటున్నది మాత్రం రియల్ ఎస్టేట్ హోర్డింగులే. కాబట్టి ఇల్లు కట్టేవారికి ఒక మాట: ఎలివేషన్ నచ్చిందా? ఎన్ని హోర్డింగుల మీద చూశాక నచ్చిందో ముందు లెక్కేసుకోండి.