పడవకు తొడిగిన రెల్లుదుబ్బు

అమెరికాలో మిసిసిపీ నది వెంట చిత్తడి నేలల్లో బాతుల వేటకు వాడే జాన్ బోటు సాదాసీదా పడవ. చదునైన అడుగు, అల్యూమినియం రేకు, వరసగా రివెట్లు. ఎండ తగిలితే తోమిన పళ్లెంలా తళుక్కుమంటుంది. దాన్ని దాచడానికి ఈ రోజుల్లో ఒంటినిండా రెల్లు, ఎండుగడ్డి ఫొటో అచ్చేసిన వినైల్ పొర అంటిస్తున్నారు. చూసినవాళ్లు గడ్డిపోచలు లెక్కపెట్టొచ్చునని మెచ్చుకుంటారు. దాచే పనిలో మాత్రం ఆ పోచల వాటా చాలా తక్కువ. మెరుపును చంపే మ్యాట్ పొర, పడవ అంచును తెగ్గొట్టే పెద్ద మచ్చలు, ఈ రెండూ చేసే పనే ఎక్కువ. మిగతాది కొనుక్కునేవాడి కంటికి విందు.

ఈ పొర పుట్టుక జిగురు కోసం సాగిన వెతుకులాటలో ఉంది. వినైల్ క్లోరైడ్ ఎండకు తెల్లటి ఘనపదార్థంగా మారడాన్ని జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆయిగెన్ బౌమన్ 1872లోనే చూశాడు. పీవీసీ అనే ఆ ఘనపదార్థం పెళుసు సరుకు, చాలాకాలం ఎందుకూ కొరగాలేదు. 1926లో ఒహాయోలోని బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సీమన్, రబ్బరును లోహానికి అంటించే జిగురు కోసం తంటాలు పడుతూ దాన్ని ఒక ద్రావణిలో వేడిచేశాడు. జిగురు రాలేదు గానీ వంగే, సాగే పదార్థం ఒకటి చేతికొచ్చింది. మన ఊళ్లలో ఆటోల మీద పేర్లు అతికించే ‘రేడియం షాపు’లో దొరికేదీ దాని సంతతే. రేడియం పేరులోనే తప్ప సరుకులో లేదు. అయితే వినైళ్లన్నీ ఒకటి కావు. ఒక రకాన్ని వేడి రోలర్ల మధ్య నలిపి పలచన చేస్తారు. పూరీ వత్తితే పిండి వెనక్కి లాగినట్టు, బలవంతాన సాగిన ఆ ప్లాస్టిక్ ఎండ తగలగానే కుంచించుకుపోవాలని చూస్తుంది. రెండో రకాన్ని ద్రవంగానే పలచగా పరిచి వేడికి ఆరబెడతారు, దోసె పోసినట్టు. దాన్ని ఎవరూ లాగలేదు కనుక వెనక్కి పోయే ఆరాటమూ తక్కువే. మందం 50 మైక్రాన్ల దరిదాపుల్లో, అంటే ఇంచుమించు తల వెంట్రుకంత.

తేడా రివెట్టు దగ్గర బయటపడుతుంది. రేకును సబ్బునీళ్లతో కడిగి, ఆల్కహాల్‌తో తుడుస్తారు. వేలికి అంటిన నూనె మిగిలినా అక్కడ పట్టు దొరకదు. పొరను రివెట్టు మీదుగా డేరాలా పరిచి, చుట్టూ స్క్వీజీతో నొక్కి, లోపల చిక్కిన గాలికి సూదితో చిల్లి పెడతారు. ఆపైన హీట్ గన్ వేడి చూపిస్తూ చిన్న బ్రష్‌తో గుండ్రంగా అదిమితే పొర రివెట్టు తల మీద చర్మంలా బిగుస్తుంది. సాగిన చోటల్లా చివర్లో మరోసారి గట్టిగా వేడి తగలనివ్వాలి. అప్పుడే లోపలి బిగువు వదిలి, కొత్త ఆకారం ఖాయమవుతుంది. ఇది మానేస్తే నాలుగు ఎండలకే రివెట్టు చుట్టూ పొర లేచిపోతుంది.

ఇక బొమ్మ సంగతి. జంతువును పట్టించడంలో అంచురేఖదే పెద్ద పాత్ర అనీ, ఆ రేఖను అడ్డంగా నరికే మచ్చలు దాన్ని కాపాడతాయనీ జంతుశాస్త్రవేత్త హ్యూ కాట్ 1940 నాటి తన పుస్తకంలో గట్టిగా వాదించాడు. 2005లో జీవశాస్త్రవేత్త ఇన్నెస్ కథిల్ బృందం బ్రిస్టల్ దగ్గరి అడవిలో దీన్ని పరీక్షించింది. త్రికోణపు కాగితాలను చిమ్మటల్లా అచ్చేసి, ఒక్కోదానికి పురుగును జతచేసి చెట్ల బెరడుకు గుచ్చారు. మచ్చలు అంచును తాకినవాటిని పక్షులు తక్కువగా పట్టుకున్నాయి, మచ్చలు లోపలే ఆగినవి ఎక్కువగా దొరికిపోయాయి. గడ్డిపోచకు వద్దాం. మనిషి కన్ను 100 మీటర్ల దూరంలో విడదీసి చూడగలిగేది సుమారు 3 సెంటీమీటర్లను. సెంటీమీటరు వెడల్పు ఆకులు అక్కడ కలిసిపోయి ఒకే ముద్దవుతాయి. బాతు చూపు ఈ విషయంలో మనకన్నా చురుకైందేమీ కాదు. రంగుల్లో మాత్రం మనల్ని మించింది. మనకు మూడు రకాల రంగు కణాలుంటే దానికి నాలుగు. ప్రింటరు సిరాల కలయిక మన మూడింటిని మభ్యపెట్టడానికి కుదిర్చింది, నాలుగోదాని మాట ఎవరూ అడగలేదు.

మరి మాసీ ఓక్, రియల్‌ట్రీ లాంటి కంపెనీల డిజైన్లను 1986 నుంచి వేటగాళ్లు పనికిరాకపోయినా కొంటున్నారా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ ఫొటోల్లో పోచలతో పాటు చీకటి సందులూ లేత పట్టీలూ ఉంటాయి, పని చేసేవి అవి. తుపాకి అందే 35 మీటర్లలో పోచ కూడా కంటికి ఆనుతుందని ఒప్పుకోవాలి. కాకపోతే అంత దగ్గరికి రావాలా వద్దా అని బాతు తేల్చుకునేది పైన చక్కర్లు కొడుతున్నప్పుడు. పడవలో మనిషి కదిలితే ఏ బొమ్మా ఆదుకోదు. ఖాకీ, గోధుమ పెయింటు డబ్బాలు చాలవా అంటే, దాచడం వరకైతే నిక్షేపంగా చాలు. 1917లో చిత్రకారుడు నార్మన్ విల్కిన్సన్ బ్రిటిష్ ఓడలకు వంకర చారలు వేయించింది పెయింటుతోనే. ఓడ ఎటు పోతోందో శత్రువుకు అంచనా చిక్కకుండా చేయడం ఆయన ఎత్తు. ఇప్పుడు కార్ల కంపెనీలు ఇంకా విడుదల కాని మోడళ్లను రోడ్డెక్కించేటప్పుడు ఒంపులు కెమెరాకు చిక్కకుండా నలుపు తెలుపు సుడుల వినైల్ తొడుగుతున్నాయి. పరీక్ష అయ్యాక ఒలిచేస్తారు, పెయింటుతో ఆ వీలు లేదు. జాన్ బోటుదీ అంతే. మూల దగ్గర హీట్ గన్ పెట్టి, జిగురు మెత్తబడ్డాక వాలుగా నెమ్మదిగా లాగితే రెల్లంతా చుట్టలా చేతిలోకి వస్తుంది, కింద అల్యూమినియం మళ్లీ తళుక్కుమంటుంది.