లోతు తెలియని నీరు: గరివిడి గనుల గోతులు, వేసవి సెలవులు

వేసవిలో పిల్లల క్షేమం అనగానే పెద్దల దృష్టి ముందుగా వడదెబ్బ మీదికి పోవడం సహజమే. మైదానాలలో 40 డిగ్రీలు, తీరంలో 37 డిగ్రీలు దాటిన ఎండ ఆ రోజులకు సాధారణమైన వేడిమికన్నా నాలుగున్నర డిగ్రీలు మించితే వాతావరణ శాఖ దానిని వడగాలిగా లెక్కిస్తుంది, 2015 మే నెలలో అటువంటి గాలులకే ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా మరణించారు. అయితే ఎండ చేసే మరో కీడు మీద అంత చర్చ జరగదు. ఏప్రిల్ చివర బడులకు సెలవులిచ్చింది మొదలు జూన్ రెండో వారంలో అవి తిరిగి తెరిచేవరకు, ఎండ పిల్లలను నీటి దగ్గరికి తోలుతుంది. విజయనగరం జిల్లాలోని గరివిడి ప్రాంతంలో ఆ నీరు చెరువులోనిదే కానక్కరలేదు, పాత గనిలోనిదీ కావచ్చు.

భారతదేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది ఈ ప్రాంతంలోనే. అప్పటికి ఇది విశాఖపట్నం జిల్లాలో భాగం. ఉక్కుకు గట్టిదనాన్నిచ్చే ఈ లోహం గరివిడి, గర్భాం పరిసరాల బతుకును మలిచింది. ఇక్కడి కోడూరు గనులలో కనిపించిన ఒక అరుదైన శిలకు ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ ఊరి పేరుతోనే ‘కోడురైట్’ అని నామకరణం చేశాడు. ఆ శిల చివికి సుద్దమట్టిగా మారిన చోట ఖనిజం సమంగా పరచిన పొరలా కాక, ఎక్కడికక్కడ ముద్దలుగా దొరుకుతుంది. తవ్వేవారు ఖనిజం పోయిన దారినే పోయారు గనుక గొయ్యి అడుగు కూడా ఆ ముద్దల ఆకారాన్నే తీసుకుంది: ఒకచోట మోకాలి లోతు, రెండడుగుల అవతల నిలువునా పాతాళం.

వాననీరు నిండాక ఈ తేడా పైకి కనబడదు. చెరువుకు రేవు ఉంటుంది, గట్టు నుంచి లోపలికి నేల మెల్లగా దిగుతుంది. గనిగోతికి అవేవీ ఉండవు, ఒడ్డు గోడలా నిలబడుతుంది, నానిన సుద్దమట్టి మీద కాలు ఆనదు. అందువల్ల చెరువులో బెండు కట్టుకుని ఈత నేర్చిన కుర్రవాడు సైతం ఇక్కడ ఈదగలడే గాని పైకెక్కి రాలేడు. ఎండకు పైనీరు గోరువెచ్చగా ఉన్నా కొంత లోతున నీరు చల్లగానే ఉండి, హఠాత్తుగా తగిలిన ఆ చలికి ఊపిరి ఎగబీల్చిన పిల్లవాడు గాలికి బదులు నీటినే మింగే ప్రమాదం ఉంది. గోతిలో పనిచేసిన తరానికి దాని ప్రతి మెట్టూ తెలుసు. ఆ తరం మనవలకు తెలిసింది నీలంగా మెరిసే నీరు ఒక్కటే, ఈ రెండు తరాల ఎరుకకు నడుమనున్న ఖాళీలోనే అసలు అపాయం ఉంది.

మునిగిపోయేవారు కేకలు వేస్తారని, చేతులు ఊపుతారని అందరూ అనుకుంటారు గాని, నిజానికి నోరు నీటిమట్టానికి పైకీ కిందికీ అవుతున్న మనిషికి ఊపిరి తీసుకోవడానికే వ్యవధి చాలదు, చేతులు వాటంతట అవే నీటిని కిందికి అదుముతుంటాయి కాబట్టి పైకి లేవవు. పసివాడైతే నిమిషం లోపే చప్పుడు లేకుండా మునిగిపోతాడు. పక్కనున్న స్నేహితుడు అతణ్ణి ఆదుకోవాలని దూకడం, భయంతో ఉన్నవాడు మెడ పట్టుకోవడం, ఇద్దరూ మునగడం ఇటువంటి దుర్ఘటనలలో తరచుగా జరుగుతుంది. అందుకే పిల్లలకు ఈతకన్నా ముందు నేర్పవలసింది దూకకుండా కాపాడే పద్ధతి, అంటే వెదురుగడ గాని, చీర గాని, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాను గాని అందించి, పెద్దలకోసం గట్టిగా అరవడం.

ఒడ్డుకు చేర్చిన బిడ్డను తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం ఇప్పటికీ పల్లెల్లో కనిపించే పొరపాట్లు. శ్వాస ఆగిన బిడ్డకు ముందుగా కావలసింది గాలి కనుక, వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, నోటితో ఊపిరి ఊది, వెంటనే రొమ్ము మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ, మధ్యమధ్య మళ్లీ ఊపిరి అందిస్తూ, 108 వాహనం వచ్చేదాకా ఆపకుండా కొనసాగించాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీట మునిగి మరణించిన సుమారు మూడు లక్షల మందిలో నాలుగో వంతు ఐదేళ్ల లోపువారు. వీరు గని దాకా పోనక్కరలేదు, పెరట్లోని నీళ్ల తొట్టె చాలు. వేసవిలో ఉపాధి పనులకు పొద్దున్నే వెళ్లే తల్లులున్న ఇళ్లలో చిన్నవాణ్ణి కనిపెట్టే భారం ఎనిమిదేళ్ల అక్క మీద పడుతుంది. పనిచోట ఐదుగురు పసిపిల్లలుంటే వారిని చూసుకోవడానికి ఒక కూలీనే నియమించాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం చెప్పింది. గ్రామసభలో తల్లులు గట్టిగా అడగవలసిన హక్కు ఇది.

ఎండ విషయంలో ఇక్కడి వంటింటికి కొత్తగా నేర్పవలసింది తక్కువ. చోడి అంబలి, ఉప్పు కలిపిన గంజి, తరవాణి ఒంట్లోని నీటిని నిలుపుతాయి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడే బిడ్డకు మాత్రం నోట్లో ఏమీ పోయక, నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

గోతుల సంగతి అలా ఇంట్లో తేలేది కాదు. తవ్వకం ముగిసిన గనిని ఏం చేయాలో ముందే రాసివ్వాలనే నిబంధన, అంటే గని మూసివేత ప్రణాళిక, 2003లో వచ్చింది. అంతకు ఎంతో ముందే వదిలేసిన గోతులకు అటువంటిది రాసే యజమాని ఉండడు. వాటి చుట్టూ మట్టిగట్టు పోసి ముళ్లకంప నాటించడం పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు. బడి మూసే చివరి రోజున, ఆ గోతుల్లో పలుగు పట్టిన తాతలలో ఒకరిని పిలిపించి, ఏ ఒడ్డు ఎంత నిలువుగా ఉందో, ఏ మూల ఎంత లోతుకు దిగిందో పిల్లల ఎదుట చెప్పించడానికి ఆ ఖర్చు కూడా అక్కరలేదు.