డబ్బా రేకుతో కలం

పిల్లలూ! మన ‘కలం’ అరబ్బీ నుంచి వచ్చిన మాటే. అరబ్బీ చేతిరాత కళకు 2021లో యునెస్కో గుర్తింపు తెచ్చిన 16 దేశాల్లో కువైట్ కూడా ఉంది.

ఆ రాతలు చూసి ముచ్చటపడి, ఫర్వానియాలోని మా ఫ్లాట్‌లో మావాడూ నేనూ ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బాతో కలం చేశాం.

రేకు అంచు కోసుకుంటుంది, కత్తిరింపు పెద్దవాళ్ళకే వదలండి. అగ్గిపెట్టెంత ముక్కను సగానికి మడిచి, మడత లేని వైపు మొనదేలేలా ఏటవాలుగా కత్తిరించి, పెన్సిలుకు టేపుతో బిగించాలి. రెండు రేకుల మధ్య సందులో సిరా నిలుస్తుంది. మొనతో రాస్తే సన్నగీత, పక్కకు వాల్చితే లావుగీత!

తెలుగు మాట్లాడడమే తప్ప రాయని మావాడు మొదట రాసిన మాట ‘అమ్మమ్మ’. అందులో ఒక ఒత్తు మరిచాడు. అయినా ఆ కాగితం ఇప్పుడు రాజంపేటలో అమ్మమ్మ దేవుడి గదిలో ఉంది.

మరి మీరు మొదట ఎవరిని రాస్తారు?