వివరణ: చట్టం ఉన్నా ట్రాన్స్‌జెండర్లకు వైద్యం ఎందుకు దూరం?

బచేలి (ఛత్తీస్‌గఢ్): బైలాడీలా కొండల దిగువన ఉన్న ఇనుప గనుల పట్టణం బచేలి. ఇక్కడి గనులను నిర్వహించే జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎండీసీ) ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఖనిజం రైలు మార్గాన విశాఖపట్నం చేరుతుంది. ఆదివాసులు అధికంగా ఉన్న దంతేవాడ జిల్లాకు చెందిన ఈ పట్టణం నుంచి జగదల్‌పూర్ ప్రభుత్వ వైద్య కళాశాలకు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. రాజధాని రాయ్‌పూర్ సుమారు 400 కిలోమీటర్లు. ఈ దూరం అందరికీ భారమే. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు దానిపై మరికొన్ని భారాలు తోడవుతాయి.

వివక్షపై వివక్ష

ఒకే వ్యక్తిపై పలు వివక్షలు ఏకకాలంలో పనిచేసే తీరును అమెరికా న్యాయ పండితురాలు కింబర్లీ క్రెన్‌షా 1989లో సిద్ధాంతీకరించారు. అమెరికాలోని ఏడు నగరాల్లో 2019-20లో జరిగిన ప్రభుత్వ అధ్యయనం దీనికి నిదర్శనం. అందులో పాల్గొన్న నల్లజాతి ట్రాన్స్ మహిళల్లో 62 శాతం మందికి హెచ్‌ఐవీ ఉన్నట్లు తేలగా, శ్వేతజాతి ట్రాన్స్ మహిళల్లో అది 17 శాతమే. లింగ గుర్తింపు ఒకటే అయినా జాతి, పేదరికం ఫలితాన్ని మార్చాయి. భారత్‌లో జాతి స్థానంలో కులం, ఆదివాసీ నేపథ్యం, ప్రాంతం నిలుస్తాయి.

2011 జనగణనలో ‘ఇతరులు’గా నమోదైన వారు దేశంలో 4,87,803 మంది. వీరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది, ఛత్తీస్‌గఢ్‌లో 6,591 మంది ఉన్నారు.

చట్టం ఏం చెప్పింది?

స్వీయ లింగ గుర్తింపు హక్కును సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న గుర్తించింది. 2019 చట్టంలోని 15వ సెక్షన్ హార్మోన్ చికిత్స, శస్త్రచికిత్స, కౌన్సెలింగ్, ఆరోగ్య బీమా కల్పించడం ప్రభుత్వాల బాధ్యతగా పేర్కొంది. వైద్య పాఠ్యాంశాలను సమీక్షించాలని సూచించింది. ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి రూ.5 లక్షల రక్షణ కల్పించేందుకు 2022 ఆగస్టు 24న కేంద్రంలో ఒప్పందం కుదిరింది.

అయితే ఈ బీమాకు గుర్తింపు ధ్రువపత్రమే తాళంచెవి. 2020 నిబంధనల ప్రకారం దాన్ని జిల్లా మేజిస్ట్రేట్ జారీ చేయాలి. దరఖాస్తుదారు ఆ జిల్లాలో వరుసగా 12 నెలలు నివసించి ఉండాలి. పని కోసం ఊళ్లు మారేవారికి, ఇంటి నుంచి వెళ్లగొట్టబడి చిరునామా కోల్పోయిన వారికి ఈ షరతే అడ్డంకి. ధ్రువపత్రం లేనిదే బీమా లేదు, బీమా లేనిదే దూరపు ఆసుపత్రి అందదు.

నమ్మకమే తొలి చికిత్స

ఆసుపత్రి గుమ్మం దాటినా ‘పురుషుల వార్డా, స్త్రీల వార్డా’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. అవమాన భయంతో జ్వరం, మధుమేహం వంటి సాధారణ సమస్యలకు సైతం వైద్యం వాయిదా పడుతుంది, వ్యాధి ముదురుతుంది.

ఈ భయాన్ని తొలగించే ప్రయత్నాలూ ఉన్నాయి. 2022లో హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు విధుల్లో చేరారు. అదే నగరంలో 2021లో ప్రారంభమైన మిత్ర్ క్లినిక్‌ను ఆ సముదాయం వారే నడిపారు. అమెరికా నిధులు నిలిచిపోవడంతో 2025లో అది మూతపడింది. విరాళాలపై ఆధారపడిన సేవ ఎంత బలహీనమో ఈ ఉదంతం చాటింది.

బస్తర్ ఫైటర్స్ పోలీసు దళానికి 2022లో తొమ్మిది మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఎంపికయ్యారు. ఉద్యోగంలో సాధ్యమైన గుర్తింపు ఆసుపత్రి చీటీలోనూ దక్కినప్పుడే 15వ సెక్షన్ బచేలి వరకు చేరినట్లు.