గంజి పొర సంచి కావాలంటే

అన్నం వార్చిన గిన్నె అంచున గంజి ఆరితే పల్చటి పొర మిగులుతుంది. గోటితో గీకితే చిట్లి రాలిపోతుంది, నీళ్లు పోస్తే మెత్తబడి కరుగుతుంది. మట్టిలో కలిసిపోతాయని చెప్పే 'పిండి సంచులకు' మూలం ఈ పొరే. రేషన్ కిట్లను ప్లాస్టిక్‌కు బదులు వీటిలో పంచకూడదా అని దాతలు కొందరు అడుగుతుంటారు. జవాబు పిండిలో కంటే, పిండిలో ఏం కలిపారన్న దాంట్లోనే ఎక్కువగా ఉంది.

పిండి అంటే చక్కెర అణువులు గొలుసులుగా అల్లుకున్న పదార్థం. నీళ్లలో కలిపి 60-70 డిగ్రీల వరకు కాచితే దాని రేణువులు ఉబ్బి పగులుతాయి, గొలుసులు విడివడతాయి. ఆరేటప్పుడు అవి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. ఆ పట్టు వల్లే పొర పెళుసు.

దాన్ని సడలించేది గ్లిజరిన్. గొలుసుల మధ్య చొరబడి అవి జారేందుకు చోటిస్తుంది. ఇంట్లోనే చూడవచ్చు. 10 గ్రాముల కార్న్‌ఫ్లోర్‌ను 100 మిల్లీలీటర్ల నీటిలో చిక్కబడేదాకా కాచి పళ్లెంలో పల్చగా పరవండి. మరో పళ్లేనికి అదే కొలతలో 3 గ్రాముల గ్లిజరిన్ కలపండి. రెండూ బాగా ఆరాక మొదటిది విరుగుతుంది, రెండోది వంగుతుంది.

అయితే ఆ మెత్తదనం ఊరికే రాదు. గ్లిజరిన్ పెరిగేకొద్దీ పొర ఎక్కువ సాగుతుంది, తక్కువ బరువుకే తెగుతుంది. పైగా అది గాలిలోని చెమ్మను లాగుతుంది. మరీ ఎక్కువైతే వానాకాలంలో పైకి ఊరి చేతికి జిగటగా తగులుతుంది. దాని బదులు సార్బిటాల్ వేస్తే చెమ్మ తక్కువ పీలుస్తుంది, కానీ పొర కొంచెం బిరుసు. నిన్నటి అన్నం గట్టిపడినట్టే పిండి పొర కూడా నాళ్లు గడిచేకొద్దీ బిగుసుకుంటుంది. కొత్తలో బాగున్న సంచి గోదాములో పడి ఉంటే చిట్లేది అందుకే.

నీటిని తట్టుకోవడానికి సిట్రిక్ ఆమ్లం కలిపి వేడిచేస్తారు. అది గొలుసులను ముడివేస్తుంది, మోతాదు తప్పితే వాటినే తెంపుతుంది. తేనెమైనం ఆవిరిని ఆపుతుంది, పొరను మసకబరుస్తుంది. సన్నటి సెల్యులోజ్ పీచు బలమిస్తుంది.

ఇన్ని చేసినా ఒట్టి పిండి పొర అయిదు కిలోల బియ్యం మోయదు. అందుకే బజారులోని కంపోస్టు సంచుల్లో చాలావాటిలో పిండితో పాటు పీబీఏటీ అనే పాలిస్టర్ ఉంటుంది. అది ఎక్కువగా పెట్రోలియం నుంచి వచ్చినా కంపోస్టు వేడిలో సూక్ష్మజీవులు తినగలవు. మురుగుకాలువలో పడేస్తే మాత్రం అంత త్వరగా పోదు. మామూలు పాలిథీన్‌లో కాస్త పిండి కలిపి పర్యావరణహితం అనే రకం వేరే ఉంది. అందులో పిండి పోతుంది, పాలిథీన్ ముక్కలై మిగులుతుంది. నా దృష్టిలో ఇది ప్లాస్టిక్ కంటే అధ్వాన్నం, ఎందుకంటే ముక్కలను ఏరి తీయలేము.

2022 డిసెంబరు 31 నుంచి మన దేశంలో 120 మైక్రాన్ల లోపు ప్లాస్టిక్ సంచులు నిషిద్ధం. కంపోస్టు సంచులకు ఈ మందం నియమం లేదు గానీ, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం తప్పనిసరి. కొనేటప్పుడు ముందు ఆ పత్రం చూపమనాలి.

మన విషయంలో ఇంకొకటి అడగాలి. గ్లిజరిన్ పామాయిల్ వంటి నూనెల నుంచీ వస్తుంది, జంతువుల కొవ్వు నుంచీ వస్తుంది. కొన్ని పొరల్లో జెలటిన్ కూడా కలుపుతారు. ఇవి దేని నుంచి తీశారో అమ్మేవారి చేత కాగితం మీద రాయించుకోవాలి.